లేని గొంతులు ఎక్కడ పుడతాయి?

లండన్‌లో ఒక స్కానర్ గది. బల్ల మీద ఒక రోగి కదలకుండా పడుకుని ఉన్నాడు. చేతిలో చిన్న బటన్. గదిలో ఎవరూ మాట్లాడడం లేదు, అయినా అతనికి మనుషుల మాటలు వినిపిస్తున్నాయి. అవి వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. అతనికి అప్పగించిన పని అంతే. నరంలోకి ఎక్కించిన, కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న నీరు రక్తంతో పాటు మెదడులోకి వెళ్తుంది. ఏ భాగానికి ఆ క్షణంలో రక్తం ఎక్కువ చేరుతోందో పెట్ స్కానర్ పట్టుకుంటుంది. బటన్ నొక్కిన క్షణాలనూ నొక్కని క్షణాలనూ పోల్చి చూస్తే, గొంతు వినిపించేటప్పుడు మెదడులో ఏ భాగాలు పనిలో పడుతున్నాయో తెలుస్తుంది.

డేవిడ్ సిల్బర్స్‌వైగ్, ఎమిలీ స్టెర్న్, వారి సహచరులు కలిసి చేసిన ఈ పరిశోధన 1995లో 'నేచర్' పత్రికలో వచ్చింది. పాల్గొన్నవారు స్కిజోఫ్రీనియా ఉన్న ఆరుగురే. ఐదుగురు మందులు వాడుతున్నా గొంతులు ఆగనివారు. ఆరో మనిషి అప్పటికి ఏ మందూ మొదలుపెట్టలేదు. అతనికి మాటలు వినిపించడమే కాక, మొండెం లేని తలలు దొర్లుకుంటూ కనిపించేవి, అవి అతనితో మాట్లాడేవి. గొంతులు వినిపించే సమయంలో ఐదుగురిలోనూ ఉమ్మడిగా చురుకైన భాగాలు మెదడు పైపొరలో కన్నా లోతుల్లో ఎక్కువగా కనిపించాయి. వాటిలో ఒకటి థాలమస్.

గొంతులు వినిపిస్తున్నాయని చెప్పే రోగి కల్పించి చెప్పడం లేదని, మొండికేయడం లేదని, అతని లోపల నిజంగానే ఏదో జరుగుతోందని ఆ చిత్రాలు చూపించాయి. స్కిజోఫ్రీనియా ఉన్న బిడ్డను కన్న ఏ తల్లికైనా ఈ ఒక్క మాట ఎంత బరువు దించుతుందో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఆ లోపల జరిగేది ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మూడు దశాబ్దాలకు పైగా పడుతోంది. ఆ వెతుకులాటలో మళ్లీ మళ్లీ ఎదురైన చోటు థాలమస్. ఈ వ్యాసం దాని గురించే.

డెస్క్ మీద ఏం జరుగుతుంది?

థాలమస్ మెదడు నడిమధ్యలో ఉంటుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. ఒక్కోటి సుమారు మూడు సెంటీమీటర్ల పొడవు, అండాకారం. కంటి నుంచి, చెవి నుంచి, చర్మం నుంచి, నాలుక నుంచి వచ్చే సంకేతాలన్నీ మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు చేరేముందు ఇక్కడ ఆగి వెళ్తాయి. ఒక్క వాసనకే వేరే దారి ఉంది. అది ముందు ఇక్కడికి రాకుండానే కార్టెక్స్‌ను చేరుతుంది.

అందుకని చాలాకాలం దీన్ని వచ్చిన సంకేతాన్ని పైకి అందించే మజిలీగానే చూశారు. ఆ చిత్రం సరిపోదని కంటిచూపు మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. చూపుకు సంబంధించిన సంకేతాలను అందించే థాలమస్ కణాలకు వచ్చే కలయికల్లో కంటి నుంచి వచ్చేవి సుమారు పదో వంతు, ఇంకా తక్కువ కూడా. మిగతావన్నీ కార్టెక్స్ నుంచి, మెదడు కాండం నుంచి, థాలమస్ చుట్టూ ఉన్న నిరోధక కణాల నుంచి వస్తాయి. పత్రికా కార్యాలయంలో డెస్క్ ఇలాగే పనిచేస్తుంది. ఊళ్ల నుంచి విలేకరులు పంపే వార్త ఒక్కటే, దాన్ని వేయాలా, ఆపాలా, మొదటి పేజీలోకా, లోపలి పేజీలోకా అన్న సూచనలు మాత్రం పై నుంచి పది వస్తాయి. ఏ వార్త ఎంత పెద్ద అక్షరాల్లో వస్తుందో ఆ డెస్క్ మీదే తేలుతుంది.

థాలమస్ అంతా ఒకే ముద్ద కాదు. పదుల సంఖ్యలో చిన్నచిన్న కణ సమూహాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పని. స్కిజోఫ్రీనియా పరిశోధకులు ఎక్కువగా మాట్లాడేది మూడింటి గురించి. మొదటిది మీడియోడార్సల్ కేంద్రకం. ఇది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో రెండువైపులా అనుసంధానమై ఉంటుంది. ఆలోచన, ప్రణాళిక, ఒక విషయాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవడం ఆ కార్టెక్స్ పనులు. రెండోది వెనకవైపు ఉండే పుల్వినార్, చూపుకూ శ్రద్ధకూ సంబంధించినది. మూడోది థాలమస్‌ను పలుచని పొరలా చుట్టుకుని ఉండే రెటిక్యులర్ కేంద్రకం. దీని నుంచి కార్టెక్స్‌కు ఒక్క తంతువు కూడా వెళ్లదు. ఇది చేసేదల్లా థాలమస్‌లోని మిగతా కణాలను అదుపు చేయడమే. డీఎన్ఏ నిర్మాణాన్ని కనిపెట్టిన ఇద్దరిలో ఒకరైన ఫ్రాన్సిస్ క్రిక్ తరవాతి కాలంలో మెదడు వైపు మళ్లారు. మన శ్రద్ధను ఒక విషయం మీదకు మళ్లించేది ఈ పలుచని పొరే కావచ్చని 1984లో ఆయన ప్రతిపాదించారు.

ఇప్పుడు స్కిజోఫ్రీనియా లక్షణాలను దీని పక్కన పెట్టి చూడండి. ఫ్యాను చప్పుడులో తనను తిడుతున్న మాటలు వినిపిస్తాయి. బస్సులో ఎవరో నవ్వితే అది తన గురించే అనిపిస్తుంది. అక్కర్లేని చప్పుళ్లన్నీ ఒకేసారి మీద పడతాయి, ఎదుటి మనిషి చెప్పే వాక్యం మధ్యలోనే జారిపోతుంది. ఏది ముఖ్యం, ఏది కాదు అని వడకట్టే చోటే ఏదో తేడా చేసిందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. శాస్త్రవేత్తలకూ వచ్చింది. కానీ అనుమానం వేరు, కంటితో చూడడం వేరు.

తల్లి మీద పడ్డ నింద

1927లో జర్మనీలో యాకోబీ, వింక్లర్ అనే ఇద్దరు వైద్యులు స్కిజోఫ్రీనియా రోగుల మెదళ్లను బతికుండగానే చూసే ప్రయత్నం చేశారు. వెన్ను దగ్గర సూది గుచ్చి మెదడు ద్రవాన్ని తీసేసి, ఆ స్థానంలో గాలి నింపి ఎక్స్‌రే తీసేవారు. ఆ తరవాత రోగికి రోజుల తరబడి భయంకరమైన తలనొప్పి ఉండేది. మెదడు లోపల ద్రవం ఉండే గదులు కొందరిలో పెద్దవిగా ఉన్నాయని వారు రాశారు. అంత బాధ పెట్టే పరీక్షను ఆరోగ్యంగా ఉన్నవారికి చేసి పోల్చే వీలు లేదు. దాంతో ఆ మాట గట్టిగా నిలబడలేదు.

ఆ ఖాళీలోకి వేరే సిద్ధాంతాలు వచ్చి కూర్చున్నాయి. 1948లో మనోవిశ్లేషకురాలు ఫ్రీడా ఫ్రామ్-రైష్‌మన్ ఒక వ్యాసంలో, తల్లి ప్రేమగా ఉండకపోవడం, బిడ్డను అతిగా అదుపు చేయడం స్కిజోఫ్రీనియాకు దారితీస్తుందన్న అర్థం వచ్చేలా రాశారు. అమెరికాలో ఆ మాట దశాబ్దాల పాటు చెలామణీ అయింది. బిడ్డను ఆసుపత్రికి తీసుకొచ్చిన తల్లిని డాక్టర్ అనుమానంగా చూసేవాడు. వైద్యశాస్త్రం చేసిన అన్యాయాల్లో ఇది పెద్దదని నా అభిప్రాయం. సాక్ష్యం లేకుండా ఒక తరం తల్లులను దోషులుగా నిలబెట్టారు.

సీటీ స్కాన్ వచ్చాక పరిస్థితి మారింది. 1971లో లండన్‌లో మొదటి రోగి తల చిత్రాన్ని ఈ యంత్రంతో తీశారు. ఐదేళ్లకు, 1976లో, లండన్ శివార్లలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టోన్, టిమ్ క్రో బృందం చాలాకాలంగా ఆసుపత్రిలో ఉన్న 17 మంది రోగుల మెదళ్లను చూసింది. ద్రవపు గదులు పెద్దవిగా ఉన్నాయని తేలింది. ఈసారి సూది లేదు, నొప్పి లేదు. ఆరోగ్యవంతుల మెదళ్లతో పోల్చి చూడగలిగారు. ఇది మెదడుకు సంబంధించిన జబ్బని చెప్పడానికి ఒక ఆధారం చేతికొచ్చింది. గదులు పెరిగాయంటే చుట్టూ ఉన్న కణజాలం ఎక్కడో తగ్గి ఉండాలి. ఎక్కడ? సీటీ స్కాన్‌కు అంత వివరం అందదు. ఎమ్మారై రావాలి.

రెండు సగటు మెదళ్లు

నాన్సీ ఆండ్రియాసెన్ మొదట ఆంగ్ల సాహిత్యం అధ్యాపకురాలు. కవి జాన్ డన్ మీద పుస్తకం రాశారు. ప్రసవం తరవాత వచ్చిన ఇన్‌ఫెక్షన్ ప్రాణం మీదకు తెస్తే యాంటీబయాటిక్ ఆమెను బతికించింది. ఆ అనుభవంతో సాహిత్యం వదిలి వైద్యం చదివి మానసిక వైద్యురాలయ్యారు. అయోవా విశ్వవిద్యాలయంలో ఆమె బృందం చేసిన పని 1994లో 'సైన్స్' పత్రికలో వచ్చింది.

అప్పటివరకు పరిశోధకులు తమకు అనుమానం ఉన్న భాగం చుట్టూ చేత్తో గీత గీసి కొలిచేవారు. అనుమానం లేని చోట ఎవరూ చూడరు కదా. ఆండ్రియాసెన్ బృందం 39 మంది పురుష రోగుల ఎమ్మారైలను, 47 మంది ఆరోగ్యవంతులైన పురుషుల ఎమ్మారైలను తీసుకుంది. మనిషికీ మనిషికీ తల పరిమాణం వేరు కాబట్టి అన్ని చిత్రాలనూ ఒకే కొలతలోకి సర్దారు. తరవాత రోగుల చిత్రాలన్నీ కలిపి ఒక సగటు మెదడు, ఆరోగ్యవంతులవన్నీ కలిపి మరో సగటు మెదడు తయారుచేశారు. ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలే తేడా ఎక్కడుందో కంప్యూటరే చూపిస్తుంది. తేడా స్పష్టంగా కనిపించిన చోట్లలో థాలమస్, దాన్ని ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో కలిపే తెల్లని తంతువుల ప్రాంతం ఉన్నాయి.

ఈ ఫలితం నుంచి ఆమె ఒక పెద్ద ప్రతిపాదన చేశారు. మాటలు వినిపించడం, భ్రమలు, మాట తడబడడం, ఎందులోనూ ఆసక్తి లేకపోవడం చూడ్డానికి ఒకదానితో ఒకటి పొంతన లేని లక్షణాలు. వీటికి ఒక్కోదానికి మెదడులో ఒక్కో చోటు వెతకడం మాని, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, థాలమస్, చిన్నమెదడు కలిసి నడిపే వలయంలో పొందిక తప్పడమే అన్నిటికీ మూలం కావచ్చని ఆమె వాదించారు. తాళం తప్పిన నాట్యంలో ఏ ఒక్క అవయవానికీ దెబ్బ తగిలి ఉండనక్కర్లేదన్నట్టు, ఆలోచన తాళం తప్పిందన్నది ఆ వాదన సారం. అది పూర్తిగా రుజువు కాలేదు. కానీ ఆ తరవాత వచ్చిన పరిశోధకులు ఎక్కడ చూడాలో, ఏం అడగాలో దాన్నుంచే నేర్చుకున్నారు.

ఎంత చిన్నది?

పత్రికల్లో వచ్చే వార్తలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. స్కిజోఫ్రీనియా రోగుల్లో థాలమస్ చిన్నదిగా ఉంటుందట, అని. ఎంత చిన్నది? అందరిలోనా? జబ్బు వల్లనా, మందు వల్లనా? ఈ మూడు ప్రశ్నలూ అడగకపోతే ఆ వార్త మంచికన్నా చెడే ఎక్కువ చేస్తుంది.

1990లో కోపెన్‌హాగన్‌లో బెంటె పాకెన్‌బర్గ్ మరణించిన రోగుల మెదళ్లను మైక్రోస్కోపు కింద పెట్టి నాడీకణాలను లెక్కించారు. మీడియోడార్సల్ కేంద్రకంలో కణాలు సుమారు 40 శాతం తక్కువ అని తేలింది. అది నిజమైతే స్కిజోఫ్రీనియా రహస్యం దాదాపు దొరికినట్టే. కానీ తరవాత ఇతర ప్రయోగశాలలు జాగ్రత్తగా లెక్కపెడితే ఆ కేంద్రకంలో అంత తగ్గుదల కనిపించలేదు. కొన్నింటిలో తేడాయే లేదు. పుల్వినార్ తగ్గిందన్న ఫలితం మాత్రం కాస్త నిలకడగా వచ్చింది. కొద్దిమంది మెదళ్ల మీద చేసిన లెక్కలు ఇలా ఊగిసలాడడం మామూలే. సంఖ్య పెరగాలి.

ఆ పని ఎనిగ్మా అనే అంతర్జాతీయ పరిశోధక కూటమి చేసింది. 2016లో వెలువడిన వారి అధ్యయనంలో 15 కేంద్రాల నుంచి 2,028 మంది రోగులు, 2,540 మంది ఆరోగ్యవంతుల స్కాన్‌లను ఒకే పద్ధతిలో కొలిచారు. కొలిచిన మెదడు లోతు భాగాల్లో, రోగుల్లో అన్నిటికంటే ఎక్కువ తగ్గింది హిప్పోకాంపస్. తరవాతి వరసలో ఎమిగ్డలా, థాలమస్ సమానంగా ఉన్నాయి. ద్రవపు గదులు పెరిగాయి. 1976లో 17 మందిలో చూసింది వేల మందిలోనూ నిజమే అని తేలింది.

థాలమస్ తేడాను గణాంకశాస్త్రం కొలిచే తీరులో చెప్పాలంటే 0.31. ఈ అంకె ఏం చెబుతోందో దగ్గరగా చూద్దాం. రోగుల కొలతలన్నీ ఒక గీతగా, ఆరోగ్యవంతులవి మరో గీతగా గీసి ఒకదానిమీద ఒకటి పెడితే సుమారు 88 శాతం కలిసిపోతాయి. వీధిలోంచి ఒక రోగిని, ఒక ఆరోగ్యవంతుణ్ని తీసుకొచ్చి ఇద్దరి థాలమస్‌లూ కొలిస్తే రోగిదే చిన్నదిగా తేలే అవకాశం నూటికి 59. నాణెం ఎగరేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది. వేల మంది సగటులో ఈ తేడా గట్టిగా నిలబడుతుంది, ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి అది దేనికీ పనికిరాదు. రెండూ నిజాలే. రెండోదాన్ని వదిలేసి మొదటిది మాత్రమే చెప్పడం రోగుల కుటుంబాలను మోసం చేయడమే అవుతుంది.

ఇక మందుల సంగతి. ఈ స్కాన్‌లలో ఉన్న రోగుల్లో ఎక్కువమంది ఏళ్ల తరబడి యాంటీసైకోటిక్ మందులు వాడినవారు. తగ్గుదల మందు వల్ల కావచ్చు కదా? ఈ అనుమానాన్ని ఆండ్రియాసెన్ బృందం దాచిపెట్టలేదు. 211 మంది రోగులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ స్కాన్ చేసి, మందు మోతాదు పెరిగేకొద్దీ మెదడు కణజాలం కొంత తగ్గడం కనిపిస్తోందని 2011లో ఆ బృందమే ప్రచురించింది. 2013లో అదే బృందం మరో ఫలితం చెప్పింది. జబ్బు తిరగబెట్టి ఎక్కువకాలం ఉన్నవారిలోనూ కణజాలం ఎక్కువగా తగ్గుతోంది. మందు ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి ఈ వార్త చదివి మందు మానేస్తే అసలుకే మోసం. మోతాదు ఎంత, ఏ మందు అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.

మందు ప్రభావం లేకుండా చూడాలంటే ఇంతవరకూ మందే వాడని రోగులు కావాలి. బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు 2010లో అలాంటి రోగులను శక్తిమంతమైన 3 టెస్లా ఎమ్మారైతో పరిశీలించి, వారిలోనూ థాలమస్ పరిమాణం తక్కువగా ఉందని ప్రచురించారు. తగ్గుదలంతా మందుల పాపం కాదన్నమాట. మన దేశంలో రోగులు చికిత్సకు ఆలస్యంగా రావడం వల్లే మందు తాకని దశలో వారిని చూడగలిగే అవకాశం మన పరిశోధకులకు ఎక్కువ. ఆ ఆలస్యం ఎన్ని కుటుంబాలను చితక్కొట్టిందో తలచుకుంటే ఈ అవకాశాన్ని చూసి సంతోషించాలనిపించదు.

పరిమాణం నుంచి సంభాషణ వైపు

థాలమస్ ఎంత పెద్దదన్న ప్రశ్న కన్నా, అది ఎవరితో ఎలా మాట్లాడుతోందన్న ప్రశ్నే అసలైనదని గత పదిహేనేళ్లలో పరిశోధకులు గుర్తించారు. దానికి దారి వేసినవారిలో భారతీయ మూలాలున్న భరత్ బిస్వాల్ ఒకరు. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో విద్యార్థిగా ఉండగా, ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్న మనిషి మెదడులో కూడా రక్తప్రసరణ నెమ్మదిగా హెచ్చుతగ్గులవుతూ ఉంటుందని, కలిసి పనిచేసే భాగాల్లో ఆ హెచ్చుతగ్గులు ఒకే వరసలో సాగుతాయని ఆయన చూపించారు. అప్పటిదాకా అర్థం లేని రొదగా అందరూ పక్కకు నెట్టేసిన సంకేతంలో మెదడు లోపలి సంభాషణ దాగి ఉంది. రోగిని ఏ పరీక్షా రాయించకుండా, ఏడెనిమిది నిమిషాలు కదలకుండా పడుకోమంటే చాలు. తీవ్రమైన మానసిక జబ్బుతో ఉన్నవారిని పరీక్షించడానికి ఇంతకన్నా దయగల పద్ధతి అంతకుముందు లేదు.

ఈ పద్ధతితో 2012లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ వుడ్‌వర్డ్ బృందం థాలమస్‌ను చూసింది. రెండు విషయాలు బయటపడ్డాయి. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌తో థాలమస్ అనుసంధానం రోగుల్లో తగ్గింది. కదలిక, స్పర్శలను చూసే కార్టెక్స్ ప్రాంతాలతో అనుసంధానం పెరిగింది. అంటే ఆలోచించే భాగంతో మాట తగ్గి, ఇంద్రియాల భాగంతో మాట ఎక్కువైంది. యేల్ విశ్వవిద్యాలయంలో అలాన్ ఆంటిచెవిచ్ బృందం ఇదే తీరును వేరే రోగుల్లో కనిపెట్టింది. ఇమేజింగ్ రంగంలో ఒక ప్రయోగశాల చెప్పింది ఇంకో ప్రయోగశాలలో నిలబడడం అంత తరచుగా జరగదు. ఈ ఫలితం నిలబడింది. నాకు దీనిమీద ఎక్కువ నమ్మకం కలగడానికి కారణం అదే.

2015లో ఆంటిచెవిచ్ బృందం ఇంకో అడుగు వేసింది. జబ్బు ఇంకా రాని, కానీ తొలి సూచనలు కనిపిస్తున్న 243 మంది యువతను, 154 మంది ఆరోగ్యవంతులను ఉత్తర అమెరికాలోని పలు కేంద్రాల్లో స్కాన్ చేశారు. తరవాత వారిని గమనిస్తూ వచ్చారు. 21 మందికి సైకోసిస్, అంటే లేనివి వినిపించే, భ్రమలు కలిగే జబ్బు, వచ్చింది. వెనక్కి వెళ్లి వారి మొదటి స్కాన్‌లు చూస్తే, ప్రీఫ్రంటల్‌తో తగ్గుదల, ఇంద్రియాల ప్రాంతంతో పెరుగుదల అప్పటికే అక్కడ ఉన్నాయి, జబ్బు రానివారిలో కన్నా స్పష్టంగా. జబ్బు బయటపడకముందే థాలమస్ సంభాషణ మారుతోందన్నమాట. 21 మంది చిన్న సంఖ్య అని మరిచిపోకూడదు.

ఈ స్కాన్‌లకు ఒక బలహీనత ఉంది. తల మిల్లీమీటరులో కొంత భాగం కదిలినా లేని అనుసంధానాలు ఉన్నట్టు, ఉన్నవి లేనట్టు కనిపిస్తాయి. 2012లో ఈ సమస్య బయటపడినప్పుడు ఈ రంగమంతా ఉలిక్కిపడింది. ఆందోళనతో ఉన్న రోగి ఆరోగ్యవంతుడి కన్నా ఎక్కువ కదులుతాడు కాబట్టి జబ్బు ఫలితంలోకి కదలిక తేలిగ్గా చొరబడుతుంది. ఇప్పుడు మంచి పరిశోధనలన్నీ దీన్ని కొలిచి సరిచేశాకే ఫలితం చెబుతున్నాయి.

స్కానర్‌తో పనిలేని ఒక సాక్ష్యం నిద్రలో దొరికింది. మనం తేలికపాటి నిద్రలోకి జారాక మెదడు విద్యుత్ తరంగాల్లో సెకనుకు 12 నుంచి 16 సార్లు ఊగే చిన్న ఉద్ధృతులు కనిపిస్తాయి, ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతాయి. వీటిని స్లీప్ స్పిండిల్స్ అంటారు. వీటిని పుట్టించేది థాలమస్‌ను చుట్టుకుని ఉన్న ఆ రెటిక్యులర్ పొర. 2007లో విస్కాన్సిన్‌లో ఫాబియో ఫెరారెల్లి, జూలియో టొనోని బృందం 18 మంది స్కిజోఫ్రీనియా రోగులను, 15 మంది డిప్రెషన్ ఉన్నవారిని, 17 మంది ఆరోగ్యవంతులను నిద్రపుచ్చి తల నిండా ఎలక్ట్రోడ్‌లతో చూసింది. స్పిండిల్స్ తగ్గింది స్కిజోఫ్రీనియా ఉన్నవారిలోనే. ఇతర బృందాలూ ఇదే చూశాయి. నిద్రలో మనిషి నటించడు, పరీక్ష అంటే భయపడడు, శ్రద్ధ తప్పే ప్రసక్తి లేదు. థాలమస్ మీద అనుమానానికి ఇంత శుభ్రమైన ఆధారం ఇంకోటి కనిపించదు.

ఎలుక చెవి చెప్పింది

మనుషుల స్కాన్‌లు తేడాను చూపిస్తాయే గాని, కారణం చెప్పలేవు. దానికి జంతువుల దగ్గరికి వెళ్లాలి. ఎలుకకు స్కిజోఫ్రీనియా రాదు, ఎలుక గొంతులు వింటోందో లేదో అడగలేం. కానీ ఒక్క దారి ఉంది. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించి పుట్టేవారిలో దాదాపు నాలుగో వంతు మందికి పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా లాంటి జబ్బు వస్తుంది. తెలిసిన జన్యు కారణాల్లో ఇంత బలమైనవి చాలా తక్కువ. అదే లోపాన్ని ఎలుకల్లో పుట్టించవచ్చు.

మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిలో స్టానిస్లావ్ జఖరెంకో బృందం ఆ ఎలుకల మెదడు ముక్కలను తీసి, థాలమస్ నుంచి వినికిడి కార్టెక్స్‌కు సంకేతం ఎంత బలంగా వెళ్తోందో కొలిచింది. ఆ దారి బలహీనంగా ఉంది. కారణం వెతికితే, వినికిడి థాలమస్‌లో డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని పట్టుకునే డీ2 గ్రాహకాలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉన్నాయి. స్కిజోఫ్రీనియాకు 1950ల నుంచి వాడుతున్న మందుల్లో దాదాపు అన్నీ ఏదో ఒక మేరకు డీ2 గ్రాహకాలనే అడ్డుకుంటాయి. ఆ మందులు వేస్తే ఎలుకలో ఆ దారి మళ్లీ మామూలుగా పనిచేసింది. 2014లో 'సైన్స్'లో వచ్చిన ఈ ఫలితం, గొంతులు వినిపించడానికీ ఆ మందులు వాటిని తగ్గించడానికీ మధ్య థాలమస్‌లో ఒక దారి ఉండవచ్చని చూపించింది.

మూడేళ్లకు అదే బృందం ఇంకో చిక్కుముడి విప్పింది. జన్యులోపం పుట్టుకతోనే ఉంటుంది, జబ్బు మాత్రం పదహారు, పద్దెనిమిది, ఇరవై దాటాక వస్తుంది. అన్నాళ్లూ ఏం చేస్తోంది? ఆ ఎలుకల్లోనూ లోపం చిన్న వయసులో కనిపించదు, పెద్దయ్యాకే బయటపడుతుంది. థాలమస్‌లో డీ2 గ్రాహకాలను అదుపులో ఉంచే ఒక చిన్న ఆర్ఎన్ఏ వయసుతో తగ్గుతుంది, లోపం ఉన్న ఎలుకల్లో మరీ ఎక్కువగా తగ్గుతుంది. దాన్ని తిరిగి నింపితే వినికిడి దారి సరైంది. ఇంటర్లో బాగా చదివిన పిల్లవాడు ఇంజనీరింగ్ రెండో ఏడాదికి ఎందుకిలా మారిపోయాడని తల్లిదండ్రులు తలపట్టుకునే ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాకపోవచ్చు. జవాబు ఉండే దిక్కు ఇదేనని మాత్రం చెబుతుంది.

మీడియోడార్సల్ కేంద్రకం సంగతి న్యూయార్క్‌లో మైఖేల్ హలాసా బృందం 2017లో తేల్చింది. వెలుతురును అనుసరించాలా, చప్పుడును అనుసరించాలా అన్న నియమాన్ని కాసేపు గుర్తుంచుకోవాల్సిన పనిని ఎలుకలకు నేర్పారు. ఆ నియమం ఏమిటన్నది ప్రీఫ్రంటల్ కణాల్లో ఉంది, థాలమస్ కణాల్లో లేదు. కానీ థాలమస్‌ను ఆపేస్తే ప్రీఫ్రంటల్ కణాలు ఆ నియమాన్ని పట్టి ఉంచలేకపోయాయి. విషయం మోయకుండా, విషయాన్ని మోసే కణాలను కలిపి ఉంచడం థాలమస్ పని. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి మాట మధ్యలో తెగిపోవడం వెనక ఇలాంటిదేదైనా ఉందా అన్నది ఇప్పుడు చాలా ప్రయోగశాలలు అడుగుతున్న ప్రశ్న.

స్కాన్ తీయించాలా?

ఇది చదివిన ఏ కుటుంబమైనా అడిగే ప్రశ్న ఇదే. థాలమస్ చూసి జబ్బు ఉందో లేదో చెప్పే స్కాన్ ఈ రోజు ప్రపంచంలో ఎక్కడా లేదు. ఎమ్మారై రిపోర్టులో అంతా మామూలుగా ఉందని వస్తే జబ్బు లేనట్టు కాదు. డాక్టర్లు కొన్నిసార్లు ఎమ్మారై రాసేది మెదడులో గడ్డ గానీ, వాపు గానీ, పాత దెబ్బ గానీ ఉందేమో చూసుకోవడానికి. ఆ కారణాలతో కూడా మనిషికి మాటలు వినిపించవచ్చు, వాటికి వైద్యం వేరు. అందుకు తీయించడం మంచిదే. అంతకుమించి, మీవాడి మెదడు స్కాన్ చూసి స్కిజోఫ్రీనియా ఉందో లేదో చెబుతామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. నిర్ధారణ ఇప్పటికీ మనిషితో, ఇంట్లోవాళ్లతో ఓపిగ్గా మాట్లాడే మానసిక వైద్యుడి చేతిలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి లెక్కలో సుమారు 2.4 కోట్ల మందికి ఈ జబ్బుంది, దాదాపు ప్రతి 300 మందిలో ఒకరికి. మన దేశంలో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సైకోసిస్ ఉన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది చికిత్సకు దూరంగా ఉన్నారు. మన ఇళ్లలో గాలి సోకిందని, చేతబడి అని మొదటి నెలలు, కొన్నిసార్లు మొదటి ఏళ్లు గడిచిపోతాయి. మొక్కు తీర్చుకోవద్దని నేను అనను. గుడికి వెళ్లినా, దర్గాకు వెళ్లినా, అదే వారంలో డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి. చికిత్స ఎంత తొందరగా మొదలైతే మనిషి తిరిగి చదువులోకి, పనిలోకి రావడానికి అంత అవకాశం ఉంటుంది.

హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఈ జబ్బుకు వైద్యం దొరుకుతుంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు అది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.